మా తాత చూసిన బొక్కలు

మా తాత ఏదన్నా చెప్పాడంటే మా ఇంట్లో సగం కొట్టేసి మిగతా సగం నమ్మేవాళ్లు. పులిని చూశానంటే ఏ అడవిపిల్లినో చూసి ఉంటాడనీ, ప్రాణహితలో మొసలి తన పక్కనే ఈదిందంటే ఏ దుంగో కొట్టుకొచ్చి ఉంటుందనీ అమ్మే నవ్వేది. కన్నకూతురు కాబట్టి ఆ చనువు ఆమెకే చెల్లింది. బాపు మాత్రం మామ ముందు నోరు విప్పేవాడు కాదు. మీసాల చాటున నవ్వుకుని ఊరుకునేవాడు.

తాతది వేమనపల్లి దిక్కు, ప్రాణహిత ఒడ్డున చిన్న పల్లె. నాటు పడవెక్కి నది దాటితే అవతల మహారాష్ట్ర. మేమేమో బెల్లంపల్లిలో సింగరేణి క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పండుగకు పబ్బానికి తాత నెన్నెల మీదుగా బస్సెక్కి, భుజాన తువ్వాల, చేతిలో కర్రతో దిగేవాడు. ఆ రాత్రి నుంచే మాకు కథలు మొదలు. వాటిలో ఎక్కువసార్లు చెప్పించుకున్నది బొక్కల కథ. బొక్కలంటే మా దిక్కు ఎముకలు.

"యామన్‌పల్లి కాడ సర్వేవాళ్లు జీపులేసుకొని వచ్చిన్రు. డేరాలేసిన్రు. గడ్డపారలు కాదు బిడ్డా, చిన్న చిన్న ఉలులు, బ్రష్షులు. వారాలకు వారాలు గోకిన్రు. భూమిలకెల్లి ఒక్కో బొక్క తీస్తే నా అంత ఉన్నది. దానికి సున్నం వూసి, గోనెపట్టాలు జుట్టి, పురిట్ల పిల్లను వట్టుకున్నట్టు వట్టుకపోయిన్రు."

"ఏం బొక్కలు తాతా?"

"రాక్షసులయని ఊరోళ్లన్నరు. నాకైతే గొడ్డు బొక్కనే అనిపిచ్చింది. కాకపోతే గసొంటి గొడ్డును నేను కాయలే."

పశువులు కాసి పెరిగిన మనిషి. ఆ చివరి మాట మాత్రం ఎప్పుడు చెప్పినా కొంచెం అనుమానంగానే చెప్పేవాడు. అమ్మ రొట్టెలు చేస్తూనే, "ఏ ఏనుగుదో అయ్యుంటది, మీరు పడుకోండ్రి" అనేది.

2001లో నేను ఐదో తరగతి. దసరా సెలవులకు ముందు మా సైన్సు సారు పాఠం మధ్యలో ఆగి, మన ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన డైనోసార్‌ను హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారని చెప్పాడు. దాని పేరు బోర్డు మీద రాశాడు. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. క్లాసంతా ఆ పొడుగు పేరు చూసి నవ్వింది. నేను మాత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చి అమ్మతో చెప్పాను. "యామన్‌పల్లి అని రాసుందా? నువ్వు సరిగ్గనే చూసినవా?" అని అమ్మ నన్నే నిలదీసింది. అంటే ఇప్పుడు నా మాటలో కూడా సగం కోత!

ఆ ఏడు బాపుకు లాభాల వాటా చేతికొచ్చింది. సికింద్రాబాద్‌లో ఉండే చిన్నమ్మ ఎప్పటి నుంచో రమ్మంటోంది. తమ్ముడికి నక్షత్రశాల చూడాలని పిచ్చి. అన్నీ కలిసొచ్చాయి. పండుగకు వచ్చిన తాతను కూడా చిన్న కూతురు ఇంటికని బయల్దేరదీశాం. ఎక్కడికి తీసుకెళ్తున్నామో ఆయనకు చెప్పొద్దని నేనూ తమ్ముడూ ఒట్టు పెట్టుకున్నాం. తమ్ముడు ఒకటో తరగతి. వాడు ఒట్టు నిలబెట్టుకోవడమే ఆ ప్రయాణంలో పెద్ద విశేషం.

బాపు రాత్రి సెకండ్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, రెండు గంటలు కూడా నడుం వాల్చకుండానే తెల్లవారుజామున భాగ్యనగర్ ఎక్కించాడు. అమ్మ సర్వపిండి చేసి పాత చీర ముక్కలో కట్టింది. రైల్లో మూట విప్పగానే నువ్వులూ వెల్లుల్లీ కలిసిన ఆ వాసనకు ఎదుటి సీటాయన మా వైపే చూశాడు. అమ్మ ఆయనకూ ఒక ముక్క పెట్టింది. మంచిర్యాల దాటాక గోదారి వంతెన మీద తాత దండం పెట్టి పావలా వేశాడు. రామగుండం పొగగొట్టాలు, పెద్దపల్లి, జమ్మికుంట. కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. బాపు కిందికి దిగి టీ తెచ్చాడు. బండి కదులుతుంటే బాపు కనబడక తమ్ముడు ఏడుపు అందుకున్నాడు, అంతలో పక్క పెట్టె లోంచి నడుచుకుంటూ వచ్చాడు. అమ్మ తిట్లు కాజీపేటలో మొదలైతే జనగామ దాకా ఆగలేదు.

చిన్నమ్మ ఇంట్లో మూటలు పడేసి సిటీ బస్సెక్కి అసెంబ్లీ దగ్గర దిగాం. నౌబత్ పహాడ్ ఎక్కాలి. పైన ఒక పక్క తెల్ల పాలరాతి బిర్లా మందిర్, ఇంకో పక్క నక్షత్రశాల గుమ్మటం. తాత గుడినే చూశాడు. "ముందు దేవుణి కాడికి" అన్నాడు. దర్శనం చేసుకుని, పైనుంచి హుస్సేన్‌సాగర్‌నూ అందులో నిలబడ్డ బుద్ధుణ్నీ చూసి, అప్పుడు దిగి ఇటు వచ్చాం. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1985లో నక్షత్రశాలను ప్రారంభించారు. సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. మేం వెళ్లేనాటికి డైనోసార్ల విభాగం తెరిచి ఏడాదే. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు నాకు తెలిసిందల్లా క్యూ పొడుగు, కాళ్ల నొప్పి.

నక్షత్రశాల లోపల చల్లగా ఉంది. కుర్చీలు వెనక్కి వాలిపోతుంటే అమ్మ పడిపోతానేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బాపు మాత్రం లోపల అడుగుపెట్టిన వెంటనే పైకి చూశాడు. మాలాగా నోరు తెరుచుకుని కాదు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, నిదానంగా, పరీక్షగా చూశాడు. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లకు అది అలవాటు. కొత్త చోట అడుగుపెడితే ముందు కప్పు చూస్తారు. లోపల కప్పును కర్రతో తట్టి చప్పుడు వింటారు. ఖంగుమంటే గట్టి, గుల్లగా పలికితే అక్కడ నిలబడకూడదు. పెళ్లి మండపంలోనైనా, సినిమా హాల్లోనైనా బాపు అంతే. ఆ గుమ్మటం ఆయనకు నచ్చినట్టుంది, కూర్చున్నాడు.

లైట్లు మెల్లగా తగ్గి చిమ్మచీకటైంది. తమ్ముడు కెవ్వుమన్నాడు. హాలంతా పిల్లల ఏడుపులు, తల్లుల సముదాయింపులు. అప్పుడు పైన ఒక్కటొక్కటిగా చుక్కలు పొడిచాయి. తెలుగులో ఒక గొంతు గంభీరంగా చెప్పుకుపోతోంది. తాత నా చెవిలో, "పిల్లలకోడి ఆడున్నది సూడు" అన్నాడు. పొలం దగ్గర రాత్రి కాపలా పడుకున్న మనిషికి కృత్తికలను ఎవరూ చూపించక్కర్లేదు. గొంతు అక్కడిదాకా రాకముందే తాత దాన్ని పట్టేసుకున్నాడు. ఇంకా వెతుకుతున్నాడు, వేలు చాపి. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి చూసినా లెక్కచెయ్యలేదు.

మరి బాపు? చీకటి పడ్డ మరు నిమిషం గురక. ఎంత చీకటైనా ఆయనకు కొత్త కాదు కదా, అందులోనూ రాత్రంతా నిద్ర లేదు. అమ్మ మోచేత్తో పొడిచింది. సర్దుకుని మళ్లీ గురక. గురుగ్రహం, దాని చంద్రులు, తోకచుక్క, అన్నీ బాపు గురకతో కలిపే నాకు గుర్తున్నాయి. లైట్లు వెలిగాక లేచి, "మంచిగున్నది" అన్నాడు. అమ్మ ఆ మాటను చాలా ఏళ్లు వాడుకుంది. కూర రుచి చూడకుండానే బాగుందని ఎవరైనా అంటే, "బాపు సుక్కలు చూసినట్టే" అనేది.

సైన్స్ మ్యూజియంలో వంకర అద్దాల ముందు తమ్ముడు చాలాసేపు కదల్లేదు. బటన్ నొక్కితే తిరిగేవి, వెలిగేవి ఏవేవో ఉన్నాయి. కొన్ని నొక్కినా తిరగలేదు. పిల్లల తాకిడికి అవి మాత్రం ఎన్ని రోజులు ఆగుతాయి. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. తాతకు మోకాళ్లు నొప్పి మొదలైంది, ఎక్కడన్నా కూర్చుంటానంటున్నాడు. ఆయన కూర్చుండిపోతే నా ప్లానంతా పోతుంది.

"ఇంకొక్కటే తాతా. దా."

డైనోసార్ హాల్లోకి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. లోపల వెలుతురు తక్కువ. మొదట కాళ్లు కనిపించాయి. ఆ కాళ్ల నుంచి పైకి, పక్కటెముకలు, అక్కడి నుంచి అటు మెడ, ఇటు తోక. గోధుమ రంగు, అక్కడక్కడ నలుపు, అతుకులు వేసిన చోట వేరే రంగు. తాత ముందు ఒక అడుగు వెనక్కి వేశాడు. కర్రను చంకలో పెట్టుకుని, తువ్వాలతో కళ్లు తుడుచుకుని (అది కన్నీళ్లు కాదు, ఆయనకు అప్పటికే శుక్లాలు), వెనక కాలి ఎముకనే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట లేదు. మేము తాత ముఖం చూస్తున్నాం.

"ఏంది బిడ్డా ఇది?"

నేను బోర్డు చదివాను. ఆదిలాబాద్ జిల్లా అన్నాను. పేరులో యామన్‌పల్లి దగ్గర ఆగి, ఆ ముక్కను మళ్లీ చదివాను.

తాత ఎగిరి గంతేస్తాడనుకున్నాం. అలాంటిదేమీ జరగలేదు. ఆ కాలి ఎముకను కింది నుంచి పైకి మళ్లీ చూసి, "గిదే" అన్నాడు. అంతే. కాసేపయ్యాక అమ్మ వైపు తిరిగి, "ఏనుగంటివి" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే తాత పక్కకు వెళ్లి, ఆయన భుజం మీది తువ్వాల సర్దుతోంది. దానికి సర్దాల్సిన అవసరమేమీ లేదు. "సున్నం వూసిన్రంటివి, ఏడ వూసిన్రు? మళ్లొక్కసారి చెప్పు" అంది. ఆ కథను అమ్మ అడిగి చెప్పించుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

తాత చెప్పాడు. చుట్టూ ఉన్న వేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఆగి విన్నారు. నిక్కరేసుకున్న ఒక పిల్లాడు, "మీరు డైనోసార్‌ని చూశారా తాతగారూ?" అని అడిగాడు. "ఆఁ, మా ఊరి పక్కదే" అన్నాడు తాత. ఆ పిల్లాడు అది బతికుండగానే చూశాడనుకున్నాడో ఏమో, కళ్లు ఇంతింత చేసుకుని వాళ్ల అమ్మ చాటుకు పోయాడు.

అది ఆకులూ అలములూ తినే జంతువని బోర్డు చూసి చెప్పాను. అమ్మ నమ్మలేదు. "గింత పెయ్యికి ఆకులేం ఆనుతయి?" అని ఆమె బాధ. తాతకు మాత్రం పెద్ద బరువు దిగినట్టయింది. తను అన్నట్టే అది రాక్షసి కాదు, గొడ్డే.

బాపుకు ఆసక్తి పుట్టింది వేరే దగ్గర. అక్కడ రాయిగా మారిన చెట్టు మొద్దులు పెట్టారు. గుడ్లు, గవ్వల శిలాజాలు కూడా ఉన్నాయి కానీ ఆయన మొద్దు దగ్గరే ఆగాడు. చూసీ చూసీ వేళ్ల కణుపులతో టకటకా తట్టి, చెవి దగ్గరపెట్టాడు. అక్కడున్న కాపలా మనిషి "పెద్దాయనా, ముట్టుకోవద్దు" అన్నాడు. బాపు చెయ్యి తీసేసి, "గట్టిదే" అని అతనికే హామీ ఇచ్చాడు.

"ఇసొంటిది మనింట్ల లేదా?" అన్నాడు నాతో.

ఉంది. బాయిలో బొగ్గు పొర పైనుండే నల్లటి బండ విడిపోయినప్పుడు దాని మీద ఆకుల అచ్చులు కనిపించేవట. ఒకసారి బాపు అరచేతంత ముక్క టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. నాలుకలా పొడుగాటి ఆకు, నడుమ ఈనె, ఆ ఈనె నుంచి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్నని గీతలు. గోటితో గీస్తే ఆ గీతలు తగిలేవి. గ్లోసోప్టెరిస్ అంటారనీ, సింగరేణి బొగ్గు చాలామటుకు ఆ చెట్ల కాలం అడవులదేననీ కాలేజీకి వెళ్లాక చదివాను. మా ఇంట్లో మాత్రం అది మామిడి తొక్కు జాడీ మూత మీద బరువు. ఎలుకలు మూత తొయ్యకుండా.

"ఇది ఎన్నేండ్లదని రాసిన్రు?" అని అడిగాడు బాపు, డైనోసార్ వైపు చూపిస్తూ.

"పదహారు కోట్ల ఏండ్లు."

బాపు లెక్క వేసుకున్నాడు. వాళ్ల బాయికి వచ్చిన జియాలజిస్టు సారు ఒకరు, మీరు తవ్వే బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల నాటిదని ఎప్పుడో చెప్పాడట. "అయితే మాదే పెద్దది" అన్నాడు. తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్టా పారతో, బొగ్గు ఎత్తినప్పటి నుంచీ చేస్తున్న పని గురించి బాపు గర్వంగా మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆ రోజు మాత్రం తాత దగ్గరికి పోయి మరీ చెప్పాడు. "మామా, నీ గొడ్డు పుట్టకముందే మా బొగ్గున్నది." తాత ఊరుకుంటాడా? "ఉంటే ఉన్నది అల్లుడా, నీ బొగ్గుకు కాళ్లున్నయా?" అన్నాడు. మామా అల్లుళ్లు పరాచికాలాడుకోవడం ఎన్నడూ చూడని అమ్మ మాకు సైగ చేసి చూపించింది.

బాపు లెక్క తప్పు కాదు. మన బొగ్గు పెర్మియన్ కాలానిది, డైనోసార్లు ఇంకా పుట్టని కాలం. కోటాసారస్ ఇంకొంచెం వెనక్కి, జురాసిక్ తొలినాళ్లదని చెప్పేవాళ్లూ ఉన్నారు కానీ, అయినా బొగ్గే పెద్దది. ఈ సంగతులు చదువుతూ పోతే తాత కథకు ఆధారాలు దొరికాయి. ఆ ఎముకలు బయటపడింది 1970ల చివర్లో. జియలాజికల్ సర్వేకి చెందిన యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి పేరు పెట్టి లోకానికి చెప్పారు. యామన్‌పల్లి దగ్గర ఒకే చోట 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. ఈ మాట తాతతో అంటే, "మందకు మంద ఒక్కకాడనే పోయిందా, పాపం" అన్నాడు. దుర్వార్త విన్నట్టు. పశువుల మందలో గాలికుంటు వచ్చినా, పిడుగు పడినా ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

పొడవు 9 మీటర్లు, బరువు రెండున్నర టన్నులు ఉండొచ్చని అంచనా. ఇందులో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. అన్ని ఎముకల్లో పుర్రె మాత్రం దొరకలేదు. తలకు సంబంధించి దొరికినవి రెండే పళ్లు. అంటే అక్కడ మెడ చివర చూసింది మనుషులు ఊహించి పెట్టిన తల. మా తమ్ముడు ఆ హాల్లో దేనికీ భయపడలేదు, ఒక్క ఆ తలకు తప్ప. అది తననే చూస్తోందని అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు.

బయటికొచ్చి చెట్టు నీడలో మిగిలిన సర్వపిండి తిన్నాం. గట్టిపడిపోయింది, అయినా ఒక్క ముక్క మిగల్లేదు. ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో ఏం తిన్నామో, తిరుగు ప్రయాణం ఎలా జరిగిందో నాకు గుర్తు లేదు. బాపు తిరిగొచ్చిన రోజే ఫస్ట్ షిఫ్ట్‌కు పోవాల్సి వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

సంక్రాంతికి తాత ఊరికి వెళ్లేసరికి బొక్కల కథకు రెండో భాగం తయారై ఉంది. వేపచెట్టు కింది గద్దె దగ్గర పది మంది పోగవగానే తాత లేచి, తోక ఇక్కడ అని కర్ర పాతి, అడుగులు వేసుకుంటూ వెళ్లేవాడు. మొదటి రోజు ఎడ్ల కొట్టం దగ్గర ఆగాడు. తర్వాతి రోజు కొట్టం దాటింది. పండుగకు వచ్చిన ఒక పంతులు, "పెద్దయ్యా, తొమ్మిది మీటర్లేనట, పుస్తకంల ఉన్నది" అని అడ్డుపడ్డాడు. "ఆ పుస్తకం రాసినాయన దాని పక్కకు నిలవడి సూసిండా సారూ? నేను నిలవడ్డ" అన్నాడు తాత. ఆయనకు జవాబు లేదు.

మెడ చివరికి చేరాక తాతకు ఒక తలకాయ కావాలి. తమ్ముణ్ని పిలిచి అక్కడ నిలబెట్టేవాడు. వాడు మెడ చాచి, కళ్లు పెద్దవి చేసి, ఆడపిల్లలు పరుగెత్తేలా అరవాలి. రెండు రోజులు ఊరికే అరిచాడు. మూడో రోజు నుంచి, రూపాయి ఇస్తేనే తలకాయ అవుతానని బేరం పెట్టాడు. తాత గొణుక్కుంటూనే బొడ్లో సంచి విప్పేవాడు.